శుక్రవారం పడవ ఉండదు

మాల్దీవులు వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ కొరాపుట్‌లో మా వీధివాళ్ళూ, మా ఆయన పనిచేసిన టౌన్‌షిప్ ఆడవాళ్ళూ నన్ను అడుగుతూనే ఉన్నారు. ఏం తీసుకెళ్ళాలి, అక్కడ ఏం తింటారు, చీరలు కట్టుకోవచ్చా, ఎన్ని రోజులు చాలు అని. తెలిసినంతవరకూ చెప్తాను. అయిదు రోజులకి వెళితే పదిహేను రోజుల మందులు పట్టుకెళ్ళండి, అవి చేతిసంచిలోనే ఉంచుకోండి, డాక్టరు చీటీ కూడా దగ్గర పెట్టుకోండి అంటాను. దిగేముందు ఫోన్లో నింపాల్సిన ఫారం ఒకటి ఉంది, ఇంటి దగ్గరే నింపుకోండి అంటాను. తిరుగు ప్రయాణం శుక్రవారం పెట్టుకోవద్దు, ఆ రోజు మామూలు పడవలు నడవవు అంటాను. వాళ్ళు ఫోన్లలో రాసుకుంటారు. ఇవేవీ తెలియక మేం పడ్డ పాట్లు చెప్తే నవ్వుతారు. అక్కడితో ఆపేస్తాను. మిగతాది వాళ్ళెవరికీ చెప్పలేదు.

వెళ్ళింది నేనూ మా అప్పా. అప్ప అంటే మా వైపు అక్క. నాకంటే ఆరేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. కకిరిగుమ్మ స్టేషన్లో దిగి కొండవైపు గంటన్నర నడిస్తే వచ్చే ఊళ్ళో, ప్రైమరీ స్కూల్లో ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పింది. రిటైరయ్యాక రాయగడలో రెండు గదుల ఇల్లు తీసుకుని ఒక్కర్తే ఉంటోంది. మా తాతముత్తాతలు ఎస్టేటులో కాగితాల పనికని విజయనగరం వైపునుంచి ఈ కొండల్లోకి వచ్చినవాళ్ళు. ఆ కాగితాల పని మా ఇంట్లో నా దాకా వచ్చింది. నేను జిల్లా కేంద్రం కొరాపుట్‌లో విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను.

దీవుల దేశం ఆలోచన అప్పదే. "నాలుగువైపులా నీరున్న నేలని ద్వీపం అంటారు" అని ఇరవై ఆరేళ్ళు పిల్లలకి చెప్పిందట, ఒరియాలో ఒకసారి, వాళ్ళకి అర్థమయ్యే దేశియాలో ఇంకోసారి. ఆ పిల్లలు సముద్రం చూసినవాళ్ళు కాదు. ఒక ఏడాది ఒక పిల్ల లేచి, "దిదిమణీ, నీరు పెరిగితే ఆ మనుషులు ఎటు పోతారు?" అని అడిగిందట. ఆ ప్రశ్న అప్ప మర్చిపోలేదు.

"ఒడ్డున నిలబడి సముద్రం సూడ్డం వైజాగులో అయిపోయింది. ఒక్కసారి మధ్యలో నిలబడి సూడాలమ్మీ" అంది.

రాయగడలో టికెట్లు తీసే షాపతను మొత్తం ఏర్పాటు చేశాడు. విశాఖపట్నం నుంచి బెంగళూరు, అక్కడి నుంచి మాలె, మాలె నుంచి మూడు గంటల పడవలో ఒక చిన్న దీవి. సోమవారం చేరి శుక్రవారం బయల్దేరాలి. అప్పకి చక్కెర జబ్బు. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది వేసుకోవాలి. ఆమె ఫ్రిజ్‌లోంచి రెండు నెలల మందు తీస్తూంటే నేనే వద్దన్నాను.

"అయిదు రోజులకి అంతెందుకప్పా? ఐస్ సంచీ ఒకటి మొయ్యాలి. పైగా మందులు ఎక్కువుంటే అక్కడ ఆపేత్తారంట."

ఆ మాట నాకెవరు చెప్పారో గుర్తులేదు. ఎవరూ చెప్పలేదేమో కూడా. అప్ప ఇన్సులిన్ పెన్నులో ఉన్న మందుని వెలుతురికి ఎత్తి చూసి, వారానికి సరిపోద్దిలే అని మిగతాది ఫ్రిజ్‌లో పెట్టేసింది.

బెంగళూరు ఎయిర్‌పోర్టులో కౌంటరమ్మాయి ఫారం నింపారా అని అడిగితే మేం మొహాలు చూసుకున్నాం. పక్కకి జరిగి, నిలబడే, నా ఫోన్లో ఒక్కో గడీ నింపుకుంటూ ఉంటే విమానం తప్పిపోతుందేమోనని గడియారం చూసుకుంటూనే ఉన్నాను. మాలెలో దిగాక కస్టమ్స్‌వాళ్ళు అప్ప సంచిలో ఉన్న అరచేతంత ఇత్తడి మజ్జిగౌరమ్మ విగ్రహాన్ని బయటికి తీశారు. పూజ విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకురాకూడదట. అతను మర్యాదగానే చెప్పాడు. ఒక కవర్లో పెట్టి, రసీదు రాసిచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకోమన్నాడు. అప్ప రసీదుని రెండుసార్లు చదివి పర్సులో పెట్టుకుంది. "మన అమ్మోరు ఇక్కడ కూకుంటాది, మనం ఎల్లొద్దాం" అంది.

మొదటి మూడు రోజులూ బాగున్నాయి. దీవి ఎంత చిన్నదంటే, ఒడ్డు పట్టుకుని చుట్టూ తిరిగొస్తే ఇరవై అయిదు నిమిషాలు. ఇసుక సందులు, పగడపు రాయితో కట్టిన పాత గోడలు, ఒక మసీదు, ఒక బడి, రెండు కిరాణా కొట్లు, ఒక ఆరోగ్య కేంద్రం. ఆడవాళ్ళు ఒళ్ళంతా కప్పుకుని ఉంటారు కాబట్టి మా చీరలు ఎవరికీ వింతగా లేవు. పొద్దున్న రొట్టెల్లోకి కొబ్బరికోరు, చేప కలిపి పెట్టేవారు. అప్ప మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నాలుగువైపులా ఒక్కో వైపూ తిరిగి చూసింది. "ఏటీ లేదే" అంది. చిన్నపిల్లలా నవ్వింది.

గురువారం సాయంత్రం సామాను సర్దుకుని, రేపు పడవ ఎన్నింటికి అని గెస్ట్‌హౌస్ యజమానిని అడిగాను. ఆయన హిందీ, ఇంగ్లీషూ కలిపి మాట్లాడతాడు.

"రేపు శుక్రవారం కదా. పడవ ఉండదు" అన్నాడు.

ఆ దేశంలో అందరికీ తెలిసిన సంగతి. మాకు టికెట్లు తీసినవాడికి తెలియదు. ఆయన కంగారుపడి ఎవరికో ఫోన్ చేసి, శుక్రవారం మధ్యాహ్నం ఒక స్పీడ్‌బోటులో మా ఇద్దరికీ చోటు మాట్లాడాడు. రాత్రి విమానం అందుతుంది అన్నాడు. కానీ తెల్లారేసరికి గాలి లేచింది. కొబ్బరి మట్టలు రేకు కప్పుల మీద పడుతున్నాయి. పదకొండింటికి ఆయన తలుపు కొట్టి, సముద్రం బాగోలేదు, బోట్లన్నీ ఆపేయమన్నారు అన్నాడు.

"ఎప్పటిదాకా?"

ఆయన ఆకాశం వైపు చూశాడు.

మా కొండల్లో దారి మూసుకుపోవడం నాకు కొత్త కాదు. వానాకాలం రాళ్ళు పడి రాయగడ లైను ఆగిపోతుంది. అప్పుడు రోడ్డు ఉంటుంది. పొట్టంగి ఘాటీలో రోడ్డు కోసేస్తే, ఇవతల బస్సు దిగి అవతల ఇంకో బస్సెక్కుతాం. మరీ అయితే నడుస్తాం. ఎలాగో ఒకలా పోతాం. ఇక్కడ ఇంటి గుమ్మం దిగి ఎటు నడిచినా అయిదు నిమిషాల్లో నీళ్ళు తగులుతున్నాయి. మా గదికి ఒకటే కిటికీ. అది పక్కింటి గోడకేసి ఉంది. రెండు చేతులు చాపితే ఆ గోడా ఈ గోడా అందుతాయేమో అనిపించేది. ఒకటే మంచం. ఉప్పుగాలికి తడిసిన దుప్పటి. శుక్రవారం సాయంత్రానికి నేను తలుపు దగ్గర్నుంచి మంచం దాకా, మంచం నుంచి తలుపు దాకా తిరుగుతున్నాను.

శనివారం పొద్దున్న కూడా అదే వాన. అప్ప ఎప్పట్లాగే ఏడున్నరకి సూది వేసుకుంది. పెన్ను ఎత్తి చూసి, "రేపటి దాకా వస్తాది" అంది. నేను ఆ మాట విననట్టే ఊరుకున్నాను. వంటమనిషి ఇంకా రాలేదు, టిఫిను ఆలస్యమవుతుందని యజమాని చెప్పి వెళ్ళాడు.

"అలగ తిరుగుతావేటమ్మీ? కూకో" అంది అప్ప.

"రెండ్రోజులకే ఇలగుంది. ఇంకో రెండ్రోజులైతే నాకు పిచ్చెక్కిపోద్దప్పా."

అప్ప నవ్వింది. "మొదటి వానాకాలం నాకూ అలగే ఉండీది. ఆరు నెల్లు. స్కూలు, ఇల్లు, స్కూలు. దారిలో గెడ్డకి నీరొచ్చి పొంగితే స్టేషను దాకా కూడా రాలేం. తరవాత అలవాటైపోయింది అనుకున్నాను. అలవాటవదు."

ఎన్నడూ చెప్పనివి చెప్పడం మొదలుపెట్టింది. మంచం మీద కాళ్ళు ముడుచుకుని, కిటికీలోంచి ఆ గోడనే చూస్తూ చెప్పింది. కారిపోయే పెంకుల కింద గిన్నెలు పెట్టుకోవడం. పక్షవాతం వచ్చిన నాన్నని ఆ ఊళ్ళో తన దగ్గరే ఉంచుకుంది, ఆయనకి మలేరియా వస్తే ఊరివాళ్ళు మంచంతో సహా ఎత్తుకుని స్టేషన్ దాకా మోసుకొచ్చి, రైలు రానందుకు తిరిగి మోసుకెళ్ళడం. నాన్నని ఎత్తి పక్క మార్చీ మార్చీ తన నడుం పోవడం.

"మూడుసార్లు రాసేను ట్రాన్స్‌ఫర్‌కి" అంది. "రెండుసార్లు ఖాళీ లేదన్నారు. మూడోసారి ఔననీ అన్లేదు, లేదనీ అన్లేదు. ఆ యేడు కొరాపుట్‌లో రెండు ఖాళీలున్నాయని అందరూ సెప్పుకున్నారు. మీ పెద్ద గుమాస్తాయే నొక్కేసేడు. నేనేటీ సమర్పించలేదు కదా."

నేను మంచం చివర కూర్చున్నాను.

"ఆయన కూతురు పెళ్ళికి పిలిస్తే ఎల్లలేదు నేను. బజార్లో ఎదురైతే మొహం తిప్పుకునేదాన్ని. పోయేడని నువ్వు ఫోన్ సేసి సెప్పినప్పుడు, అయ్యో అని కూడా అన్లేదు. నీకు గుర్తుందో లేదో."

నాకు గుర్తుంది. ఆయన మా సెక్షన్ పెద్ద. నాకు ఫైలు కట్టడం నేర్పినవాడు. నా రెండో కాన్పుకి సెలవు చాలకపోతే, పైవాళ్ళతో తనే మాటలు పడి సెలవు పొడిగించిన మనిషి. ఆ ఏడాది బదిలీల కాగితాలు పైకి పంపే ముందు నా బల్ల దగ్గరకొచ్చి, "అమ్మా, మీ అప్పగారి దరఖాస్తు ఈసారి కనపళ్ళేదేటి? రాసుంటే పైన పెట్టి పంపుతాను" అని అడిగాడు. "ఈ యేడు రాయలేదండి" అన్నాను నేను.

ఆ దరఖాస్తు అప్పుడు నా సొరుగులో ఉంది.

ముప్పై ఏళ్ళుగా ఆ సంగతి నాకు గుర్తు రాని నెల లేదు. గుర్తొచ్చినప్పుడల్లా లేచి ఏదో పని పెట్టుకునేదాన్ని. స్టవ్ తుడిచేదాన్ని, బజారుకి పోయేదాన్ని. ఆ గదిలో తుడవడానికి ఏమీ లేదు, పోవడానికి బజారు లేదు. అప్ప మొహం నాకు మూరెడు దూరంలో ఉంది. చనిపోయిన మనిషిని ఇంకా తిడుతోంది.

"ఆయన కాదప్పా" అన్నాను. "నేను."

"నువ్వేటి?"

"నీ కాగితం నా సొరుగులోనే ఉండిపోయింది. పైకి పంపలేదు."

అప్ప నాకేసి చూసింది. ఆ చూపులో ఇంకా కోపం లేదు. నాకు దారి చూపిస్తున్నట్టు, మెల్లగా అడిగింది. "మర్సిపోయేవా?"

ఔను అంటే అయిపోయేది. "మర్సిపోలేదు" అన్నాను.

ఎందుకు అని అడిగింది. చెప్పాను. కొరాపుట్‌లో నాన్న ఇంట్లో అప్పుడు నేనూ, మా ఆయనా, ఇద్దరు పిల్లలూ ఉన్నాం. అప్పకి బదిలీ అయితే నాన్నని తీసుకుని ఆ ఇంటికే వస్తుంది. ఉన్నవి మూడు గదులు. ఇల్లు ఇరుకైపోతుందని కాదు, మంచంలో ఉన్న నాన్న పనిలో సగం నా మీద పడుతుందని. ఆ మాట ఆ మాటగానే చెప్పాను. "ఒక్క యేడు ఆగుదాం అనుకున్నానప్పా. పిల్లలు కొంచెం ఎదుగుతారని. తరవాతి యేడు నువ్వు రాస్తే పంపుదును."

"తరవాతి యేడు నేను రాయలేదు."

"రాయలేదు."

"ఇంకెందుకులే అనుకున్నాను" అంది అప్ప. తనలో తను అనుకున్నట్టు అంది.

లేచి చెప్పులేసుకుంది. నేను గొడుగు అందిస్తే తీసుకోలేదు. తలుపు తెరుచుకుని వెళ్ళిపోయింది.

గుమ్మంలో నిలబడి చూస్తే, సందు చివర ఒడ్డు దగ్గర కుడిచేతి వైపు తిరిగింది. నేను అరుగు మీద కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియలేదు. దాదాపు అరగంటకి అప్ప ఎడమ వైపునుంచి వచ్చింది. చీర ఒంటికి అతుక్కుపోయి ఉంది. అరుగు ముందునుంచే, నా వైపు చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. నా మీద కోపంతో నా నుంచి దూరంగా పోదామని బయల్దేరిన మనిషిని ఆ దీవి మళ్ళీ తెచ్చి నా ముందే పెడుతోంది. ఆమె పోవడానికి ఇంకో దారి లేదు. నేను లోపలికి పోయి తలుపేసుకుంటే ఆమెకి కనిపించకుండా ఉండొచ్చు, కానీ లేవలేకపోయాను.

రెండో చుట్టు వచ్చినప్పుడు నాకు సూది సంగతి తట్టింది. ఏడున్నరకి వేసుకుంది. ఏమీ తినలేదు.

"అప్పా, తినలేదు నువ్వు! సూది ఏసుకున్నావు!" అని వెనకాలే పరిగెత్తాను. ఆమె చెయ్యి విసిరింది. నా వేళ్ళు తగిలిన చోట, ఆ తడి చీరని చేత్తో తుడుచుకుంది. నేను ఆగిపోయాను. లోపలికెళ్ళి, నాలుగు బిస్కట్లు తెచ్చుకుని మళ్ళీ అరుగు మీద కూర్చున్నాను. ఈసారి ఏమన్నా సరే నోట్లో పెట్టేస్తాను అనుకున్నాను.

మూడో చుట్టుకి అప్ప రాలేదు.

కాసేపు చూసి ఎడమ వైపునుంచి ఎదురెళ్ళాను. వానలో కళ్ళు తెరవడం కష్టంగా ఉంది. బోర్లించిన పడవ ఒకటి దాటాక కనిపించింది. పడవకి ఆనుకుని ఇసుకలో కూర్చుని ఉంది. వానకి తడిసిన మొహం మీద చెమట కూడా పట్టిందని దగ్గరికెళితే గానీ తెలియలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. "బెల్లు కొట్టేరా?" అని అడిగింది. "పిల్లలు ఎల్లిపోయేరా?" నాలుక మడత పడుతోంది.

బిస్కట్టు నోట్లో పెడితే నమల్లేదు. నేను అరిచాను. తెలుగులో అరిచాను, ఎవరికి అర్థమవుతుందని. ఎదురింటి తలుపు తెరుచుకుని ఒకావిడ, నా వయసే ఉంటుంది, తల మీద గుడ్డ సర్దుకుంటూ బయటికొచ్చింది. ఒక్కసారి చూసి లోపలికి పోయి, డబ్బాపాలు దట్టంగా కలిపిన చల్లారిన టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. అప్ప తల తన చేతిమీద పెట్టుకుని, చెంచాతో బుగ్గలోకి కొంచెం కొంచెం పోసింది. ఆమె తల్లికో తండ్రికో ఇలా చేసి ఉంటుంది. నేను అప్ప కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపటికో అప్ప గుటక వేసింది. ఇంకోటి వేసింది. తర్వాత గ్లాసు తనే పట్టుకుంది.

అప్పుడు నన్ను గుర్తుపట్టింది. మొహం పక్కకి తిప్పుకుంది. ఆమెకి తెలివొచ్చిందని నాకు అలా తెలిసింది.

ఆరోగ్య కేంద్రంలో ఉన్న నర్సు కేరళ అమ్మాయి. అప్ప వేలు పొడిచి చక్కెర చూసి, హిందీలో నన్ను మందలించింది. "సూది వేసుకున్నాక అన్నం పెట్టకుండా బయటికి ఎలా పంపించారు? మీరు ఈవిడకి ఏమవుతారు?"

"చెల్లెల్ని."

"చూసుకోవాలి కదా మరి" అంది. నేను తలూపాను.

మందు అయిపోతోందని చెప్పాను. అప్ప వాడే రకం అక్కడ లేదు. ఇంకో రకం ఉంది. అక్కడి డాక్టరు రాయగడ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఎంత వెయ్యాలో కాగితం మీద రాసిచ్చాడు. ఆ నర్సు ఆదివారం సాయంత్రం నుంచి పూటపూటా పిలిచి తనే వేసింది. ఫ్రిజ్‌లో ఉన్న రెండు నెలల మందు నాకు అన్నం తింటున్నప్పుడల్లా గుర్తొచ్చేది.

గాలి సోమవారం దాకా తగ్గలేదు. ఆ మూడు రోజులూ అదే గదిలో, అదే మంచం మీద ఉన్నాం. శనివారం పడుకునే ముందు అప్ప తన సూట్‌కేసు ఎత్తి మంచం మధ్యలో పెట్టింది. ఆ పెట్టెకి అటు తనూ ఇటు నేనూ పడుకున్నాం. అవసరమైన మాటలు మాట్లాడేది. "తలుపెయ్యి." "నీళ్ళిలాగియ్యి." తిట్టి ఉంటే బాగుండును అనుకున్నాను. నాన్న పేరెత్తి ఒక్క మాట అన్నా బాగుండును. ఊరికే గోడకేసి తిరిగి ఉండేది. నేను బయటికి పోయి కూర్చుందామంటే వాన. లోపలుంటే ఆమె ఊపిరి వినిపించేది. ఎవరైనా అతిథులు వచ్చారా, ఇంకో గది ఖాళీ ఉందా అని యజమానిని అడగబోయి మానేశాను. అప్పని మళ్ళీ ఒక్కర్తినీ వదిలి ఇంకో గదిలో పడుకునే మొహం నాకు లేదు.

మంగళవారం సముద్రం దిగింది. పడవ వచ్చింది. టీ పోసిన ఆవిడ రేవు దాకా వచ్చి అప్ప చెయ్యి పట్టుకుంది. అప్ప తన మెళ్ళోని శాలువా తీసి ఆవిడ భుజాల మీద కప్పింది. ఇద్దరూ వాళ్ళ వాళ్ళ భాషల్లో ఏవో చెప్పుకున్నారు. నాతో ఆడని మాటలు ఆవిడతో ఆడింది.

మాలెలో రసీదు చూపించి మజ్జిగౌరమ్మని తీసుకుంది. కొత్త టికెట్లు, బెంగళూరు, విశాఖపట్నం, రాయగడ రైలు. ఆ దారంతా పక్కపక్క సీట్లే. రాయగడలో తన ఇంటి దాకా వెళ్ళి దింపుదామనుకున్నాను. స్టేషన్ బయట ఆమె తన పెట్టె తనే అందుకుంది.

"నువ్వెల్లిపో. కొరాపుట్ బండికి టైముంది" అంది. ఆటో ఎక్కింది.

నా బండి మధ్యాహ్నం కకిరిగుమ్మలో ఆగింది. స్టేషన్ వెనక సంత రోజు జనం దిగుతున్నారు, నెత్తిమీద గంపలతో. వాళ్ళు వచ్చే బాట కొండమీదకంటా కనిపించింది. అప్ప అక్కడున్న ఇరవై ఆరేళ్ళలో ఆ బాట నేను నడిచింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ సాయంత్రం బండికి తిరిగొచ్చేశాను. బండి కదిలేదాకా ఆ బాటనే చూస్తూ కూర్చున్నాను.

మా ఆయనకి అంతా చెప్పాను. "ఆ ఇంట్లో నేనూ ఉన్నాను కదా" అన్నాడు. అప్పకి వారానికోసారి ఫోన్ చేసేదాన్ని. ఎత్తేది. "బానే ఉన్నాను" అనేది. పెట్టేసేది. అలా నాలుగు నెలలు.

ఒక ఆదివారం పొద్దున్న చెప్పకుండా వచ్చింది. మంచినీళ్ళు తాగి, "మీ పెద్ద గుమాస్తా భార్య ఉందా?" అని అడిగింది.

"ఉంది. గుడి మెట్ట మీద."

"పద."

ఆవిడకి ఎనభై దగ్గర పడ్డాయి. ముందుగదిలో పడక్కుర్చీలో ఉంది. మమ్మల్ని గుర్తుపట్టి, కోడలితో టీ పెట్టించింది. అప్ప టీ ముట్టుకోకుండానే చెప్పింది. "పిన్నిగారూ, నా బదిలీ కాగితం ఆపేరని మీవారిని ముప్పై ఏళ్ళు తిట్టుకున్నాను. అమ్మాయి పెళ్ళికి రాలేదు. ఆయన పోతే సూడ్డానికి రాలేదు. ఆయన ఆపలేదని ఇప్పుడు తెలిసింది. తప్పైపోయింది."

నా పేరు చెప్పలేదు. చెప్పదని నాకు అర్థమైంది. నేను చెప్పేదాకా ఆ గదిలోంచి కదలదని కూడా అర్థమైంది.

"నేనే దాచేనండి" అన్నాను. "రాయలేదని బాబుగారికి అబద్ధం సెప్పేను."

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆయనకి తెలిసే ఉంటాది" అంది. "ఆయనకి తెలీకుండా ఆ ఆఫీసులో కాగితం దాగీదేటి? ఇంటికొచ్చి మాత్రం ఎప్పుడూ అన్లేదు." మా గ్లాసులకేసి చూపించి, "టీ సల్లారిపోతంది, తాగండి" అంది.

తాగాం. ఆయనకి నిజంగా తెలుసో, ఆవిడ అనుకుంటోందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే, ఆ తర్వాత పదేళ్ళు నా పక్క బల్ల దగ్గర కూర్చుని, రోజూ "అమ్మా" అని పిలిచి పని చెప్పాడు.

మెట్ట దిగుతూ అప్ప ఒకచోట ఆగింది, ఆయాసం తీర్చుకోవడానికి. "పోన్లే అనమని నన్ను అడక్కు" అంది. "అన్లేను. నాన్న పక్క మార్చినప్పుడల్లా నా నడుం ఎలగుండీదో నాకు తెలుసు."

"అడగనప్పా."

"ఇంట్లో ఏటుంది తిండానికి? ఇప్పుడు మజ్జాన్నం కూడా సూది ఏసుకోమన్నారు, టైమైంది."

ఉదయం పప్పు ఉంది, చారు పెడతాను అన్నాను. ఇంటికొచ్చాక ఆమె సూది వేసుకుంది. నేను ఇంకే పనీ పెట్టుకోకుండా గబగబా వడ్డించాను. తిని, మధ్యాహ్నం బండికి రాయగడ వెళ్ళిపోయింది. ఇప్పుడు నెలకోసారి వస్తుంది. వచ్చే రోజు ముందే ఫోన్ చేసి చెప్తుంది. రాత్రి మాత్రం మా ఇంట్లో ఉండదు.